తూకం పక్కన పెడితే

సంచి అడుగున బూట్లు పెట్టింది అక్క. వాటి మీద నిక్కర్లు, నిక్కర్ల మీద చేతులకి చుట్టుకునే పట్టీలు, ఒక్కొక్కటీ బొంగరానికి తాడు చుట్టినంత బిగువుగా చుట్టి. పళ్ళకి పెట్టుకునే రబ్బరు గార్డు చిన్న డబ్బాలో వేసి పక్క అరలో దోపింది. దూది, వ్యాజలైను, పాత దుప్పటి చింపి కుట్టిన ముతక గుడ్డలు. అన్నీ అయ్యాక జిప్పు లాగింది. లాగి, ఒక్క క్షణం చూసి, మళ్ళీ తెరిచి, ఒక్కొక్కటే బయటికి తీసి మంచం మీద పేర్చడం మొదలుపెట్టింది.

"అక్కా, నువ్వు సర్దుతున్నావా, సంచి చేత కసరత్తు చేయిస్తున్నావా?" అన్నాడు తమ్ముడు, గుమ్మానికి ఆనుకుని.

"నోర్మూసుకుని కూచో. ఏదో మర్చిపోయాను."

"ఏం మర్చిపోయావు?"

"అది తెలిస్తే మర్చిపోవడం ఎందుకవుతుందిరా?"

వాడు నవ్వాడు. నవ్వితే బుగ్గలు పొంగాయి. ఆ బుగ్గలు ఆమెకి కొత్త. మెడ కూడా కొత్తదే. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్ళు ఊడలేదు. అక్కే చంకనేసుకుని పెంచింది. పెద్దవాడయ్యాక కూడా గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోతాడేమో అన్నట్టుండేవాడు. బాక్సింగులో అన్నిటికంటే తక్కువ బరువు వర్గం వాడిది. జిమ్ములో అందరూ చీమ అని పిలిచేవారు. అలాంటివాడు వేసవంతా కూర్చుని తిని, ఇనుప గుండ్లెత్తి, మళ్ళీ తిని, ఒంటి మీద ఇంకో ఒళ్ళు కట్టుకున్నాడు. ఎందుకంటే ఈసారి ఎదుటివాడు గోడ.

గోడ అనే పేరు ఊరికే రాలేదు. బరువైన వర్గంలో ఏళ్ళ తరబడి ఎవరూ కదపలేని మనిషి. పోటీ పెట్టినవాళ్ళు అతన్ని కొంత తగ్గమన్నారు, చీమని కొంత పెరగమన్నారు. ఎంత తీసినా, ఎంత కలిపినా, ఇద్దరి మధ్యా నడక వచ్చిన పిల్లవాడంత బరువు మిగిలిపోయింది. బుద్ధున్నవాళ్ళు పెట్టే పోటీ కాదది. పెట్టారు. దానికి మూలం ఒక అద్దం.

జిమ్ముకి ఎదురుగా ఒక సెలూన్ ఉంది. దాని యజమాని ఊరందరికీ బావ; సొంత బావమరిది ఒక్కడే అతన్ని బావా అని పిలిచేవాడు కాదు. ఆ సెలూన్లో ఈ చివరినించి ఆ చివరిదాకా పెద్ద అద్దం. ఏటా ఎండలు ముదరకముందు, ఆ అద్దం పైసగం మీద బావ సబ్బు ముక్కతో పది పేర్లు రాసేవాడు. ఈ ముప్పై ఏళ్ళలో ఆ చుట్టుపక్కల ఆడిన బాక్సర్లలో ఎవరు గొప్ప, ఎవరి తర్వాత ఎవరు అని. బరువు వర్గాలతో పని లేదు. అందరూ ఒకే బరువుంటే ఎవరు ఎవరి పైన అన్నదే లెక్క. కింద కుర్చీలో గడ్డం గీయించుకునేవాళ్ళు తల పైకెత్తితే తమ మొహం మీద ఆ పేర్లు కనిపించేవి.

రాసే చెయ్యి బావది, రాయించే నోరు రిఫరీ తాతది. తాత ఒకప్పుడు రింగులో నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని ఎందరినో విడదీసినవాడు. ఒక చెవి వినపడదు. నచ్చని మాటలన్నీ ఆ చెవి వైపే వెళ్తాయని బావ అనేవాడు.

ఆ ఏడు వరస రాసిన రోజున అక్క కూడా అక్కడే ఉంది. ఆమె పని గ్లవ్సులు బాగుచేయడం. అణిగిపోయిన దూది లాగేసి కొత్తది కూరడం, చిరిగిన అస్తరు మార్చడం, లావు సూదితో మైనం పట్టించిన దారం లాగడం. కుట్టినవి జిమ్ములో ఇచ్చి, చల్లగా ఉంటుందని సెలూన్ అరుగు మీద కూర్చుంది.

"ఆరోది పోస్టుమాన్," అంటున్నాడు తాత. "ఎడమచేత్తో కొట్టేవాడు. ఓటమన్నది ఎరగడు. కానీ ఉన్న బరువు దాటి ఒక్క అడుగు బయట పెట్టలేదు. తన పెరట్లో తనే రాజు. ఆరు చాలు. బేకరీ కుర్రాడు మూడు బరువుల్లో గెలిచాడు. ఐదు. నాలుగోది నర్సమ్మ."

"ఆడమనిషిని కూడా కలుపుతారేంటి తాతా?" అన్నాడు సగం గడ్డం నురగలో ఉన్న లారీ డ్రైవరు.

"అదీ ఒక తూకమేరా. తూకాలన్నీ పక్కన పెట్టమన్నప్పుడు అది మాత్రం జేబులో ఎందుకు దాచుకుంటావు? నాలుగు. మూడోది మేస్త్రి."

అందరూ ఒక్కసారి బెంచీ చివరి వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. మేస్త్రి అక్కడే కూర్చున్నాడు. ఇళ్ళు కట్టేవాడు, ఇటుక లాంటి పిడికిలి. ఆఖరి పోటీలో అతని మోకాలు ఒకసారి నేలకి ఆనింది. లేచాడు, జనం ఈలలేశారు, ఆ తర్వాత తగిలిన దెబ్బలు ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు భార్యని కూడా "మీరెవరండీ" అని మర్యాదగా అడుగుతాడు. అద్దం వైపు చూసి, "మేస్త్రి అంటే ఎవరండీ, బాగా ఆడేవాడా?" అన్నాడు.

"బాగా ఆడేవాడు బాబూ," అన్నాడు తాత. "చాలా బాగా."

బావ అద్దం మీద మూడో పేరు రాశాడు.

"ఇక మొదటిది గోడే కదా," అన్నాడు డ్రైవరు. "ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు."

"పిట్ట కొంచెం కూత ఘనం," అన్నాడు తాత. "గోడ రెండు. మొదటిది చీమ."

"సామెతలతోనే కొట్టుకునేట్టయితే మన అక్కగారికి పనుండదు. గ్లవ్సులెవరు చింపుతారు?" అన్నాడు బావ, రాస్తూనే.

డ్రైవరు ఒప్పుకోలేదు. తాత కుర్చీలోంచి లేచి చూపించాడు. "గోడ నిలబడి కొడతాడు. ఎందుకు నిలబడతాడు? నిలబడగలడు కాబట్టి. ఆ బరువు వాడికి దేవుడిచ్చాడు. చీమకి దేవుడేమీ ఇవ్వలేదు. దెబ్బ ఎక్కడికి వస్తుందో అది రాకముందే అక్కణ్ణించి వెళ్ళిపోతాడు. అది వాడు సంపాదించుకున్నది. ఇద్దరి ఒళ్ళూ తీసేసి పనితనం ఒక్కటే బల్ల మీద పెట్టు. చీమదే పెద్దది."

అక్కకి ఆ పూట ఒళ్ళంతా పండగలా అనిపించింది. ఇంటికెళ్ళి తమ్ముడికి చెప్పింది కూడా తనే.

తర్వాత వారం గోడ గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. తల పైకెత్తి చదివాడు. కోపం రాలేదు. నురగలోంచే అడిగాడు: "ఆ చీమ నాకంటే గొప్పవాడా తాతా?"

"తూకం పక్కన పెడితే."

"ఎక్కడ పెట్టను? ఇది నా ఒళ్ళు," అని నవ్వాడు గోడ. "సరే, వచ్చి నన్నోడించి రాయించుకోమను."

నవ్వుతూ అన్నమాటే. అది రోడ్డు దాటి జిమ్ములోకి వెళ్ళేసరికి నవ్వు రాలిపోయింది. చీమ ఊరుకున్నాడా? "చీమకి గోడెక్కడం ఒకరు నేర్పాలా?" అన్నాడు. మాటకి కాళ్ళొచ్చాయి. జిమ్ము దాటింది, ఊరు దాటింది, పోటీలు పెట్టేవాళ్ళ చెవిన పడింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నట్టు, గోడెక్కే చీమ బొమ్మతో పోస్టర్లు వెలిశాయి.

పోస్టర్ చూసిన రోజునే అక్క తాత దగ్గరికి వెళ్ళింది.

"మీ మాట వెనక్కి తీసుకోండి తాతగారూ. వాణ్ణి రెండోవాణ్ణి చెయ్యండి. పదోవాణ్ణి చెయ్యండి."

"అబద్ధం ఎలా రాయించనమ్మా?"

"నిజమైతే మాత్రం, దాని కోసం వాడు ఆ మనిషి చేతుల్లో పడాలా?"

"అది నిజం కాబట్టే వాళ్ళు కొట్టుకోకూడదు తల్లీ. మేం తూకం పక్కన పెట్టేది మాటల్లో. రింగులోకి వెళ్తే అది లేచొచ్చి కూర్చుంటుంది. ఈ ముక్క మీవాడికి చెప్పాను. నా మంచి చెవి వైపే నిలబడి, 'మీరు మాటల్లో చూసింది నేను చేసి చూపిస్తా' అన్నాడు."

ఇంట్లోనూ అదే మాట. "అక్కా, ఇన్నేళ్ళూ ఎంత బాగా ఆడినా 'పొట్టివాడైనా గట్టివాడు' అన్నారు. 'అయినా' అన్నమాట లేకుండా ఒక్కసారి అనిపించుకోవాలి." ఆమె సూది దారం తీసుకుని వాడి కొత్త గ్లవ్సుల అస్తరు బిగించుకుంటూ కూర్చుంది.

ఇదిగో, ఇప్పుడు బయల్దేరే పూట వచ్చింది. సంచి రెండోసారి సర్దడం అయ్యేసరికి వాకిట్లో మాస్టారి దగ్గు వినిపించింది. చీమకి చిన్నప్పటినించీ బాక్సింగు నేర్పినవాడాయన.

తువ్వాలు మాత్రం అక్క సంచిలో పెట్టలేదు. ఆ జిమ్ముకి ఒక ఆనవాయితీ ఉంది. పోటీకి బయల్దేరేటప్పుడు బాక్సర్ ఇంటివాళ్ళలో ఒకరు మాస్టారి భుజం మీద తువ్వాలు వేస్తారు. వేస్తూ చెవిలో ఒక మాట చెబుతారు: ఏం జరిగితే ఆ తువ్వాలు రింగులోకి విసరాలో. తువ్వాలు పడితే ఆట ఆగుతుంది, తమవాడు ఓడినట్టు. ఒక తల్లి "కంట్లోకి రక్తం కారితే" అందట. మేస్త్రి భార్య "విసరొద్దు, ఆయన ఒప్పుకోడు" అంది. ఇంటి మాటకి మాస్టారు బేరమాడడు, ఎవరికీ చెప్పడు, తప్పడు. ఆ మాట ఏమిటని బాక్సర్ అడగకూడదు. అడిగితే ఆటంతా దాని మీదే ధ్యాస.

ఇన్నేళ్ళూ అక్క "మీ చిత్తం మాస్టారూ" అనేది. ఈసారి మునివేళ్ళ మీద లేచి, ఆయన చెవి దగ్గర, "వాడి మోకాలు ఒక్కసారి నేలకి ఆనితే చాలు. వేసెయ్యండి," అంది.

మాస్టారి పెదవులు కదిలాయి. "అమ్మాయ్..." అన్నాడు. ఆగాడు. తువ్వాలు భుజం మీద సరిచేసుకుని, "సరే" అన్నాడు.

"ఏంటి మంతనాలు? నన్ను అమ్మేస్తున్నారా?" అన్నాడు చీమ, సంచి అందుకుంటూ.

"కొనేవాడు దొరకొద్దూ?" అన్నాడు మాస్టారు. ఆయన గొంతులో నవ్వు లేదు.

మలుపు తిరిగేదాకా అక్క వీధిలోనే నిలబడింది. మనుషులు మలుపు తిరగడం ఆమె చాలాసార్లు చూసింది. ఎప్పుడూ అలవాటు కాలేదు.

పోటీ రోజున సెలూన్లో టీవీ పెట్టారు. గడ్డాలు మానేసి కుర్చీలన్నీ తిప్పారు. అక్కకి ముందు వరసలో చోటిచ్చారు. పక్కన తాత. టీవీలో చీమ గోడ ముందు నిలబడితే, అంత తిని కూడా వాడు ఇంతేనా అనిపించింది ఆమెకి.

మొదటి రౌండంతా కళ్ళు సగం మూసుకునే చూసింది. రెండో రౌండ్లో తెరిచింది. మూడో రౌండ్లో తనకి తెలియకుండానే ముందుకి వంగింది. గోడ చెయ్యి విసిరిన ప్రతిసారీ అక్కడ చీమ లేడు. ఉన్నచోటినించి రెండు దెబ్బలు కొట్టి మరోచోటికి పోయాడు. డ్రైవరు, ఏనుగు సామెత చెప్పినవాడే, కుర్చీ ఎక్కి "ఎక్కరా చీమా, ఎక్కు!" అని అరుస్తున్నాడు. బావ సబ్బు ముక్క చేత్తో పట్టుకుని మర్చిపోయాడు. ముగ్గురు జడ్జీలూ చీమకే ఎక్కువ వేస్తుంటారని తాత వేళ్ళు చూపించాడు.

ఆరో రౌండ్లో గోడ దెబ్బ ఒకటి పక్కటెముకల కింద దిగింది. చీమ రెండడుగులు వెనక్కి వేశాడు. ఒక మోకాలు మెల్లగా నేలకి ఆనించాడు.

అక్క చెయ్యి నోటి మీదకి వెళ్ళింది.

"శభాష్!" అన్నాడు తాత. "అదీ! కూచో నాయనా, కూచో. ఊపిరి తీసుకో. ఎనిమిది దాకా లేవకు."

ఆమెకి అర్థం కాలేదు. "తాతగారూ, వాడు పడ్డాడు కదా?"

"పడటమేమిటమ్మా? దించాడు. కళ్ళు చూడు, రిఫరీ వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. మెళకువ తెలిసినవాడు చేసే పని అది. రిఫరీ పది లెక్కపెట్టేలోపు లేస్తే చాలు, అప్పటిదాకా ఎవడూ కొట్టకూడదు. కాస్త విశ్రాంతి. ఎనిమిదికి లేస్తాడు, తర్వాత గోడ పని..."

తెర మీద తెల్లగా ఏదో ఎగిరొచ్చి చీమ ముందు పడింది.

అరుపులు టక్కున ఆగాయి. చీమ ఆ తువ్వాలు చూశాడు. లేచి నిలబడ్డాడు, చక్కగా, తూలకుండా. రిఫరీ చేతులు ఊపేశాడు. చీమ మాస్టారి వైపు తిరిగి రెండు చేతులూ చాచాడు, ఏమిటిది అన్నట్టు. మాస్టారు తల దించుకున్నాడు.

"ముసలాడికి మతి పోయింది!" అని డ్రైవరు కుర్చీ తన్నాడు. సెలూన్లో మాస్టారిని తిట్టనివాళ్ళు లేరు. తాత ఒక్కడే తిట్టలేదు. మెల్లగా తల తిప్పి అక్కని చూశాడు. ఆమె లేచి, ఎవరికీ అడ్డం రాకుండా, అద్దం వార నడిచి బయటికి వచ్చేసింది.

చీమ తిరిగొచ్చాడు. పక్కటెముకల దగ్గర చిన్న కమిలిన మచ్చ తప్ప ఒంటి మీద ఏమీ లేదు. అక్క వాణ్ణి తల నించి కాళ్ళ దాకా తడిమి చూసింది. బతికున్నాడు, తనని గుర్తుపట్టాడు, పేరు పెట్టి పలకరించినవాళ్ళకి బదులిచ్చాడు. అంతకంటే ఆమెకేం కావాలి? కానీ వాడు జిమ్ము వైపు వెళ్ళలేదు. మాస్టారి మాటెత్తితే లేచి పోయాడు. వీధిలో మాస్టారు కనబడితే పిల్లలు చేతిరుమాళ్ళు విసిరి నవ్వుతున్నారని తెలిసింది. ఆయన నోరు విప్పలేదు. అక్కా విప్పలేదు. రోజూ చెబుదామనుకునేది. అన్నం తిన్నాక చెబుదామనుకునేది. తిన్నాక నిద్రపోనీ అనుకునేది.

ఒక సాయంత్రం గోడ వచ్చాడు. గుమ్మంలో వంగి లోపలికొచ్చి, ఉన్న ఒక్క కుర్చీని అపనమ్మకంగా చూసి, నేల మీద చతికిలపడ్డాడు.

"అక్కా, కాస్త మంచినీళ్ళు." తాగి, చెంబు పక్కన పెట్టాడు. "తమ్ముడూ, ఒక మాట చెప్పిపోదామని వచ్చాను. చెప్పకపోతే నిద్ర పట్టట్లేదు. ఆ రౌండ్లో నా చేతులు లేవట్లేదు. నువ్వు మోకాలు దించావు చూడు, అప్పుడు దండం పెట్టుకున్నాను, లేవకు నాయనా లేవకు అని. నువ్వు లేస్తే నేను కూర్చునేవాణ్ణి. గెలిచింది నేను కాదు. తాత రాయించింది నిజం. ఈ ముక్క నలుగురిలో కూడా చెప్తాను."

మంచి మనసుతో చెప్పాడు. మందనుకుని ఇచ్చాడు. అతను వెళ్ళాక తమ్ముడు చాలాసేపు చెంబు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మోకాలు దించడం నాకు నేర్పింది మాస్టారే అక్కా," అన్నాడు. "వందసార్లు దించమని, వందసార్లు లేపాడు. నేను దించానో పడ్డానో ఆయనకి తెలీకపోవడమేంటి?"

అక్క చెంబు తీసి గూట్లో పెట్టింది.

"చెవిలో నువ్వేం చెప్పావు?"

"అది అడగకూడదురా."

"అడుగుతున్నాను."

చెప్పింది. మేస్త్రిని తలుచుకుని చెప్పానంది. మోకాలు ఆనడమంటే పడటమేననుకున్నానంది. జిమ్ముకి అన్నేళ్ళు తిరిగినా గ్లవ్సులే చూశాను తప్ప ఆట చూడలేదంది.

వాడు అరిస్తే బాగుండేది. అరవలేదు. "అందరూ తూకం పక్కన పెట్టి చూశారు నన్ను," అన్నాడు. "చివరికి ఆ గోడ కూడా. నువ్వొక్కదానివే పెట్టలేకపోయావు."

"చంకనేసుకుని మోసినదాన్నిరా," అంది అక్క. "నీ తూకం నేనెలా పక్కన పెడతాను?"

వాడు తల ఊపాడు. అర్థమైందన్నట్టే ఊపాడు. అర్థమైనా తీరేది కాదన్నట్టు కూడా.

మర్నాడు మాస్టారి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగి వచ్చాడు. ఆయన వద్దురా వద్దురా అంటూ ఏడ్చాడట. సెలూన్లో తాత, "నువ్వే మొదటివాడివి, నేను మార్చను" అంటే, "మీ ఇష్టం తాతా" అన్నాడట. గోడతో మళ్ళీ పోటీ పెడతామని వచ్చినవాళ్ళని పంపించేశాడు. పెంచిన ఒళ్ళు వాడిమీంచి దానంతటదే దిగిపోయింది. పాత నిక్కర్లు మళ్ళీ సరిపోయాయి.

దూరాన ఒక పెద్ద జిమ్ములో చోటు దొరికిందని ఒక రోజు చెప్పాడు. అక్కడ ఇంటివాళ్ళు తువ్వాలు వేసే పద్ధతి లేదట.

"పండక్కి వస్తావా?" అని అడిగింది.

"చూద్దాంలే అక్కా."

చీమ తిరిగి రాలేదు. వెళ్ళింది ఆ ఏడు వానలు వెనకబట్టాక, ఒక గురువారం పొద్దున.